అల్లుడు తెచ్చిన కార్బురేటరు

సత్తిరాజు నోటి సంగతి రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో తెలియని మనిషి లేడు. వ్యాగన్ షాపులో ఫిట్టరు. అతని పనికి వంక పెట్టడానికి లేదు గానీ, ఎదుటివాడి పనిలో వంక కనబడిందా, ఇక ఆ నోరు ఆగదు. నట్టు వదులైతే నట్టు వదులంటాడు, మనిషి బుర్ర వదులైతే అదీ వదులేనని ముఖం మీదే అనేస్తాడు. పలాస నించి తండ్రి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడ పాతుకుపోయాడు. ఇంట్లో మాట సగం హిందీ అయిపోయింది. నోటి దురుసు మాత్రం పలాసలో ఎలా ఉండేదో అలాగే ఉంది.

అటువంటి మనిషి ఒక్కడి ముందు మాత్రం మూగనోము పట్టాడు. ఆ ఒక్కడూ అల్లుడు.

హరీష్ వాళ్ళది దేవేంద్ర నగర్. కరీంనగర్ వైపు నించి వచ్చిన కుటుంబం, ఇంటిల్లిపాదీ ఆఫీసు ఉద్యోగాలు. హరీష్ ఓ ఉక్కు ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీస్తాడు. సత్తిరాజు కూతురు నవ్యా, అతనూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెళ్ళి మాటలకి మొదటిసారి వచ్చిన రోజున కొత్త మోటార్‌సైకిలు మీద వచ్చాడు పాపం. గుమ్మం ముందు ఆపి దాని గొప్పలు నాలుగు చెప్పుకున్నాడు. కుర్రవాడు, కొత్త బండి, పైగా కాబోయే మామగారు బళ్ళు తెలిసిన మనిషి, చెప్పుకోడా మరి? సత్తిరాజు అంతా విని, ఇది బండి కాదు బాబూ, చక్రాలున్న టేబుల్ ఫ్యాను అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. హరీష్ ముఖం కందగడ్డ అయిపోయింది. పెళ్ళయితే జరిగింది గానీ, ఆ తర్వాత ఏడాదంతా నవ్యని గేటు దగ్గర దింపి, ఇంజను కూడా ఆపకుండా వెనక్కి తిప్పుకుపోయేవాడు.

ఆ ఏడాదంతా సత్తిరాజు పెళ్ళాం బంగారమ్మ మొగుణ్ణి తిట్టని రోజు లేదు. తిట్టీ తిట్టీ చివరికి ఒక ఆర్డరు వేసింది. అల్లుడు ఎప్పుడు గుమ్మం తొక్కినా, ఏం తెచ్చినా, ఏం చేసినా, బాగుందనడం తప్ప రెండో మాట ఆ నోట్లోంచి రాకూడదు. వచ్చిందా, మర్నాటి నించీ వంట నువ్వే చేసుకో అంది. సత్తిరాజు నోరు మూసుకుని ఒప్పుకున్నాడు. వంట గురించి కాదు. కూతురు గేటు దగ్గర దిగి, వెళ్ళిపోతున్న మొగుడి వీపు వైపోసారి, గుమ్మంలో నిలబడ్డ తండ్రి వైపోసారి చూసే చూపు అతనికి నిద్ర పట్టనివ్వడం లేదు.

డిసెంబరులో ఓ ఆదివారం పొద్దున హరీష్ గేటు దగ్గర ఇంజను ఆపాడు. ఆపడమే కాదు, చెప్పులు విప్పి లోపలికొచ్చి, చేతిలో ఉన్న మిఠాయి డబ్బా మామగారి చేతికిచ్చాడు. సత్తిరాజు మూత తీశాడు. లోపల మిఠాయి లేదు. తళతళలాడే కొత్త కార్బురేటరు ఉంది.

దేనికంటే, నవ్య రేసు కోసం. సత్తిరాజు వయసులో ఉన్నప్పుడు కొనుక్కున్న టూ-స్ట్రోక్ బండి ఒకటి పెరట్లో ఉంది. మట్టి రేసుల కోసం దాని లైట్లూ, వాటి చుట్టూ ఉండే డూములూ పీకేసి, గుబ్బల టైర్లు వేసి, వెనక మడ్‌గార్డు పైకి లేపాడు. నవ్య బండి నేర్చుకుంది దాని మీదే, దసరాకి రావణుణ్ణి తగలబెట్టే కాలనీ మైదానంలో. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నా ఆ పిల్ల ధ్యాసంతా మట్టి మీదే. ఊరి బయట ఒక క్లబ్బువాళ్ళు ప్రతి చలికాలం పెట్టే రేసుల్లో ఆడపిల్లలది వేరే ఉంటుంది. ఒకసారి గొలుసు తెగి, ఒకసారి తనే పడి, నవ్య ఇంతవరకూ రేసు చివరిదాకా వెళ్ళలేదు. ఈసారైనా ముందు వరసలో రావాలని పట్టుబట్టి కూర్చుంది. ఆ సంగతి విని, కోయంబత్తూరులో ఉన్న స్నేహితుడి చేత హరీష్ ఈ కార్బురేటరు తెప్పించాడు.

సత్తిరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గాలి వెళ్ళే కన్నంలో బొటనవేలు పెడితే చుట్టూ ఇంకా బోలెడంత చోటు మిగిలింది. ఈ బండికి అది మరీ పెద్దది.

చెరకురసం సన్నటి గొట్టంతో పీలిస్తే చటుక్కున నోట్లోకొస్తుంది. అదే కుళాయి పైపు పెట్టుకుని పీల్చమనండి, బుగ్గలు నొప్పెట్టడమే గానీ రసం రాదు. కార్బురేటరూ అంతే. కన్నం ఇంజనుకి తగ్గట్టు ఉంటే గాలి జోరుగా వెళ్ళి, కింద గిన్నెలో ఉన్న పెట్రోలుని తనతో లాక్కుపోతుంది. కన్నం పెద్దదైతే, బండి పూర్తి వేగంలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. వేగం తగ్గించి మలుపు తిరిగి మళ్ళీ యాక్సిలరేటరు పిడి తిప్పామా, గాలి నీరసంగా నడుస్తుంది, బండి గుటకలు మింగుతుంది. మట్టి రేసులో ఉన్నవన్నీ మలుపులే.

ఇదంతా సత్తిరాజు నాలుక చివరిదాకా వచ్చేసింది. వంటింటి గుమ్మంలో బంగారమ్మ గరిటె పట్టుకు నిలబడి ఉంది.

"బ్రహ్మాండంగా ఉంది బాబూ" అన్నాడు.

హరీష్ నవ్వాడు. ఆ ఇంట్లో అతను నవ్వడం అదే మొదలు. లోపల నవ్య అది చూసి, ఏమీ చూడనట్టు కళ్ళు తుడుచుకుంది. ఇక సత్తిరాజు ఆ కార్బురేటరు గురించి వేరే మాట ఎలా అంటాడు, మీరే చెప్పండి.

అంతటితో ఆగాడా? అదీ లేదు. కొత్తది పాత ఇంజను మూతికి అతకలేదు. ఒక్క మాట, సరిపడదు బాబూ అంటే అక్కడితో పీడ విరగడయ్యేది. అనకుండా గుఢియారీలో లేత్ దుకాణానికి వెళ్ళి, దగ్గరుండి అల్యూమినియం జాయింటు చేయించి, పగలు షాపులో పని చేసి వచ్చి సాయంత్రాలు కూర్చుని దాన్ని నున్నగా ఆకురాయితో రాశాడు. తనకి నచ్చని పని అంత శ్రద్ధగా చేయడం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. హరీష్ ఆ జాయింటుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు గానీ ఏమీ అనలేదు. మెచ్చుకోడానికి మాట చాలలేదనుకున్నాడు సత్తిరాజు.

ప్రతి ఆదివారం బండిని అరువు తెచ్చుకున్న ఆటోట్రాలీలో వేసుకుని, ఊరి బయట కొత్తగా కట్టిన నయా రాయపూర్ పోయేవారు. రాయపూర్‌లో బండి చేయించుకున్న ప్రతివాడూ చేసే పనే అది. అంత వెడల్పు రోడ్లు, మనిషి అన్నవాడు కనబడడు, అడ్డొచ్చేది ఉంటే ఒక ఆవు. నవ్య పిడి పూర్తిగా తిప్పి ఆ చివరిదాకా పోయేది. వెనక్కి రాగానే హరీష్ స్పార్కు ప్లగ్గు ఊడదీసి చూసేవాడు. ప్లగ్గు తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదని అర్థం, నల్లగా తడిగా ఉంటే ఎక్కువైందని. హరీష్ దగ్గర చిన్న చిన్న ఇత్తడి జెట్లు డబ్బా నిండా ఉన్నాయి. పెట్రోలు వెళ్ళే చిల్లు ఒక్కోదానికి ఒక్కో కొలత. ఒకటి తీసి ఒకటి బిగించి, జనవరి నడిమికి ప్లగ్గుని చక్కటి బెల్లం రంగుకి తెచ్చాడు. బండి తారు రోడ్డు మీద ఈల వేసుకుంటూ పోయింది. నవ్య చప్పట్లు కొట్టింది.

సత్తిరాజు కూడా కొట్టాడు. కొడుతూనే లోలోపల ఉడికిపోయాడు. ఈ రోడ్డు మీద ఏ కార్బురేటరైనా పోతుంది, ఇక్కడ మలుపేదీ? కాలనీ మైదానంలో చూద్దామంటే అక్కడ క్రికెట్ పందాలు. రేసు జరిగే చోటు ఆ రోజు పొద్దుటిదాకా ఎవరికీ తెరవరు. ఒకరోజు ఉండబట్టలేక, ఇటుకబట్టీల వైపు పోయి మట్టిలో ఓసారి తిప్పి చూస్తే బాగుంటుందేమో అని నసిగాడు. హరీష్ తల దించుకుని, మీ ఇష్టం మామయ్యా అన్నాడు. ఆ దించిన తల చూసి సత్తిరాజు హడలిపోయాడు. మళ్ళీ నొచ్చుకున్నాడు కాబోలు. అబ్బే, అవసరం లేదులే బాబూ, ఇక్కడ ఇంత బాగా పోతుంటే ఎందుకూ అని సర్దేశాడు.

ఆ రాత్రి బంగారమ్మ అతనికి రెండు అప్పడాలు ఎక్కువ వేసింది. అప్పడాలైతే తిన్నాడు గానీ ఒక్కటీ రుచించలేదు. కూతురు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న రేసు ఒకవైపు, ఇన్నాళ్ళకి గుమ్మం తొక్కిన అల్లుడు ఒకవైపు. నోరు విప్పితే అల్లుడు పోతాడు, విప్పకపోతే రేసు పోతుంది. ఇటువంటి ఇరకాటంలో పడ్డాక అంతంత నోరున్న మనిషికి కూడా ఏం చెయ్యాలో పాలుపోదు.

జనవరి ఆఖరి ఆదివారం రేసు. రెండు విడతలు. పొద్దున్నది, ఎవరు ఏ వరసలో నిలబడాలో తేల్చడానికి. భోజనాలయ్యాక జరిగేదే అసలు రేసు. బంగారమ్మ పులిహోరా, మిర్చి బజ్జీలూ క్యారియరులో సర్దుకుని మరీ వచ్చింది. మట్టి తడిపి దొన్నెలాగా చేసిన మైదానం, దాని నిండా వంకర్లూ దిబ్బలూ.

జెండా ఊపారు. నవ్య అందరికంటే ముందు దూసుకుపోయింది. హరీష్ గాల్లోకి ఎగిరాడు. మొదటి మలుపు వచ్చింది. నవ్య వేగం తగ్గించి, బండి వాల్చి, మళ్ళీ పిడి తిప్పింది. బండి బుడుంగుమని మునిగినంత పని చేసింది. గుర్ గుర్ మని నాలుగు దగ్గులు దగ్గి, ఆ తర్వాత ఒక్కసారిగా ఎగిరి దూకింది. అప్పటికి ముగ్గురు దాటిపోయారు. రెండో మలుపూ అంతే, మూడోదీ అంతే. ఆఖరికి ఒక మలుపులో పూర్తిగా ఆగిపోతే, ఆ పిల్ల నానా తంటాలు పడి కిక్కులు కొట్టి, అందరికంటే చివర వచ్చింది.

నవ్య వచ్చి హెల్మెట్ తీసింది. ఎవర్నైనా తిట్టినా బాగుండేది. తనకే చేతకాలేదనుకుంటోంది ఆ పిల్ల. మలుపులో నేనే పిడి తప్పుగా తిప్పుతున్నానేమో నాన్నా అని మెల్లగా అడిగింది.

అది విన్నాక సత్తిరాజు వల్ల కాలేదు. కార్బురేటరు తప్పు కూతురు తన నెత్తిన వేసుకుంటుంటే చూస్తూ కూర్చునే తండ్రి ఎక్కడుంటాడు. పులిహోర పళ్ళెం కింద పెట్టేసి అల్లుడి ఎదురుగా నిలబడ్డాడు. బంగారమ్మ కళ్ళతోనే వద్దంది. అతను అటు చూడలేదు.

"బాబూ, ఒక మాట సెప్తాను, ఏటీ అనుకోకండి. మీరు తెచ్చిన కార్బురేటరు దీనికి పెద్దదైపోనాది. నాకు మొదట్రోజే తెలుసు. సెప్తే మీరు మళ్ళీ గేటు కాడి నించే ఎల్లిపోతారని భయమేసి ఊరుకున్నాను. దాని తప్పేటీ లేదు. తప్పు నాది."

హరీష్ పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. తల వంచుకునే అన్నాడు.

"నాకు గూడ ఎరుకే మామయ్యా. మొదటి ఐతారం నయా రాయపూర్ పోయినప్పుడే ఎరుకైంది. బండి తిప్పుకునేటప్పుడు దగ్గుడు విన్న. తీసేద్దామని చెప్పేటోణ్ణే. కని మీరు బ్రహ్మాండం అన్నరు. మీ చేతితోని జాయింటు రాకిండ్రు. మీరంత కష్టపడ్డంక నేను ఎట్ల తీసెయ్యిమంట? ఇటుకబట్టీల దగ్గరికి పోదామంటే మీ ఇష్టమన్న. మీరే వద్దంటిరి."

బంగారమ్మ చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. ఒకరు బాధపడతారని ఒకరు, ఇద్దరూ పెద్దమనుషుల్లా తెలిసి తెలిసి, ఆదివారాల తరబడి, పనికిరాని దాన్ని పట్టుకుని పాలిష్ పట్టారన్నమాట.

అప్పుడు నవ్య మండిపడింది.

"మీ ఇద్దరికీ తెలుసా? తెలిసి నన్ను దాని మీద ఎక్కించారా? ఏడాది పాటు ఆయన అడిగినట్టు నీకూ, నువ్వు అడిగినట్టు ఆయనకీ అబద్ధాలు చెప్పి చెప్పి నా ప్రాణం విసిగిపోయింది నాన్నా. ఆయన నీ ఆరోగ్యం ఎప్పుడూ అడగలేదు. నువ్వు ఆయన ఉద్యోగం సంగతి ఎప్పుడూ అడగలేదు. అన్నీ నేనే కల్పించాను. ఇంక నావల్ల కాదు. తిట్టుకోండి, కొట్టుకోండి, ఏదో ఒకటి ఎదురెదురుగా మాట్లాడుకు చావండి."

చెప్పి, హెల్మెట్ నేల మీద పెట్టి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులోనే మధ్యలో నవ్వు కూడా వచ్చేసింది. ఆ రెండూ ఒకేసారి చూసి హరీష్ పళ్ళెం పక్కన పెట్టి లేచాడు.

సత్తిరాజు గబగబా క్యారియరు సంచీ అడుగున చెయ్యి పెట్టి, బజ్జీల నూనె మరక పడ్డ గుడ్డమూట ఒకటి తీశాడు. పాత కార్బురేటరు, దాని పాత జాయింటూను. శుభ్రంగా పెట్రోలుతో కడిగి, ఎందుకైనా మంచిదని బియ్యం డబ్బా వెనక దాచి, పొద్దున ఎవరూ చూడకుండా సంచీలో పడేశాడు. బంగారమ్మ దాన్నీ, తన పులిహోరనీ మార్చి మార్చి చూసింది. హరీష్ తన జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. అందులో ఉన్నవి ఇత్తడి జెట్లు, సరిగ్గా ఆ పాత కార్బురేటరుకి పట్టేవి. ఎప్పుడో తెప్పించి, ఇవ్వడానికి ధైర్యం చాలక జేబులో వేసుకు తిరుగుతున్నాడు.

ఇద్దరూ ఒకరి చేతిలోది ఒకరు చూసుకున్నారు. తర్వాత మాట్లాడుకోడానికి టైము లేదు. కూర్చుని పెద్దదాన్ని ఊడదీసి చిన్నదాన్ని ఎక్కించడం మొదలుపెట్టారు.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. కార్బురేటరు లోపల పెట్రోలుని ఆపీ వదిలీ చేసే సూది ఒకటి ఉంటుంది. దాని తల మీద గాట్లుంటాయి. చిన్న క్లిప్పుని పై గాటులో పెడితే సూది కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది, కింది గాటులో పెడితే పెరుగుతుంది. సత్తిరాజు క్లిప్పుని తనకి అలవాటైన గాటులో పెట్టబోయాడు. హరీష్ చెయ్యి పట్టుకుని ఆపాడు. అది పొద్దుటి చలికి పనికొస్తుంది గానీ ఇప్పుడు ఎండెక్కింది, గాలి పల్చబడింది, ఒక గాటు పైకి పెట్టమన్నాడు. సత్తిరాజు కుదరదన్నాడు. పెట్రోలు తగ్గితే దాన్లో కలిపిన నూనె కూడా తగ్గి ఇంజను పట్టేస్తుందన్నాడు. పట్టెయ్యదన్నాడు హరీష్, ఇంత చిన్న ట్రాకులో పిడి పూర్తిగా తిప్పి ఎంతసేపు ఉంటారని, పూర్తిగా తిప్పినప్పుడు పెట్రోలు ఇచ్చే పెద్ద జెట్టుని తగ్గించడం లేదు కదా అని. నువ్వు పుట్టకముందు నించీ నేను టూ-స్ట్రోకులు విప్పుతున్నానన్నాడు సత్తిరాజు. అప్పటి నించీ ఒకే గాటులో పెడుతున్నరా అన్నాడు హరీష్. పక్కనున్న రేసు మనుషులంతా చుట్టూ చేరారు. ఇద్దరి గొంతులూ అవతల రేసు సంగతులు చెబుతున్న మైకువాడికి వినబడేంత లేచాయి.

"మామా, మీకు దండం పెడత, గా చెయ్యి తియ్యిండి" అని అరిచాడు హరీష్.

సత్తిరాజు చెయ్యి తీసేశాడు. క్లిప్పు ఒక గాటు పైకెక్కింది. కిక్కు కొట్టగానే ఇంజను టకటకమంది. హరీష్ పిడి కొంచెం వదిలి మళ్ళీ తిప్పాడు. దగ్గు లేదు. సత్తిరాజు చెవి ఒగ్గి విన్నాడు. అల్లుడి మాటే నిజం. ఒప్పుకోవాలంటే నోరు రాలేదు గానీ, ఒప్పుకోబుద్ధేసింది. ఏడాదిగా గుండె మీద పెట్టుకున్న బండరాయి ఎవరో ఎత్తి అవతల పారేసినట్టయింది. గౌరవంగా తలవంచే అల్లుడు ఎవడికి కావాలి? ఇదిగో, ఇలా ఎదురు తిరిగేవాడు కావాలి.

నవ్య అందరికంటే వెనక వరసలో నిలబడింది. జెండా ఊపారు. మామా అల్లుళ్ళిద్దరూ కంచె దగ్గరికి పరిగెత్తారు. మొదటి మలుపు బండి శుభ్రంగా దాటింది. చూశారా అన్నాడు హరీష్. చూశాను, అయితే సూది సంగతి కాదు, అది గాలిని సర్దే స్క్రూ మహిమ, అది తిప్పింది నేను అన్నాడు సత్తిరాజు. గాలి స్క్రూ ఎంత తిప్పారన్నాడు హరీష్. ఒకటిన్నర చుట్టు అన్నాడు మామ. ఒకటిన్నర ఎక్కువ అన్నాడు అల్లుడు. ఎక్కువెలా అవుతుంది అన్నాడు. అట్నించి ఆ గొడవ పెద్ద కార్బురేటరు ఏ బండికి సరిపోతుందన్న దాంట్లోకీ, అక్కడి నించి హరీష్ టేబుల్ ఫ్యాను మాట ఏడాది నించీ ఎలా మనసులో పెట్టుకున్నాడో అందులోకీ దిగింది. సత్తిరాజు లెంపలు వేసుకున్నాడు. హరీష్ ఆ బండి నిజంగానే ఫ్యానులాగే మోగుతుందని ఒప్పేసుకున్నాడు. ఇద్దరూ కంచెకి వీపులానించి కడుపుబ్బ నవ్వుకున్నారు.

వెనక బండి ఆగిన చప్పుడైంది. తిరిగి చూస్తే నవ్య. ఒళ్ళంతా మట్టి, పళ్ళు మాత్రం తెల్లగా. పక్కన బంగారమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని రొప్పుతూ నిలబడి ఉంది.

"ఏటయిందే? రేసు మధ్యలో వచ్చేసినావేటి?" అన్నాడు సత్తిరాజు.

"అయిపోయింది నాన్నా. మూడోదాన్ని వచ్చాను."

చివరి వరస నించి మూడో స్థానానికి. అంతమందిని ఎక్కడెక్కడ దాటిందో, ఆ పెద్ద దిబ్బ మీద ఎలా ఎగిరిందో ఒక్క బంగారమ్మే చూసింది. కావలసిన ఇద్దరూ చూడలేదు. హరీష్ ముఖం మాడిపోయింది. సత్తిరాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతో సగం, సిగ్గుతో సగం. ఇన్నేళ్ళు ఎదురుచూసిన రేసుకి వచ్చి, దానికి వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఒక్కసారి మళ్ళీ తిరిగొస్తావా అమ్మా, మేం చూస్తాం" అన్నాడు.

నవ్య ఇద్దరినీ ఎగాదిగా చూసింది. హెల్మెట్ పెట్టుకుని కిక్కు కొట్టింది. అవతల మైకువాడు, రేసు అయిపోయింది, ట్రాకు ఖాళీ చెయ్యండని మొత్తుకుంటున్నా వినిపించుకోకుండా ఖాళీ మైదానంలోకి ఒక్కతే దూసుకుపోయింది. మలుపులో బండి వాలింది, గొంతు తగ్గింది, మళ్ళీ పిడి తిప్పగానే ఒక్క దగ్గు కూడా లేకుండా పైకి లేచింది. ఆ తర్వాతి మలుపూ అంతే. ఈసారి సత్తిరాజు బండి మీంచి కళ్ళు తిప్పలేదు. పక్కనున్న హరీష్ కూడా అంతే. అల్లుడి చెయ్యి తన భుజం మీద ఎప్పుడు పడిందో సత్తిరాజుకి తెలియలేదు. తెలిశాక, అది ఎక్కడ తీసేస్తాడోనని, కూతురు చుట్టు తిరిగి వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు.